లండన్‌లో ఏడు రోజులు: సోమవారం నుంచి ఆదివారం దాకా

లండన్ వెళ్లేముందు అందరూ చేసే పని, చూడాల్సిన చోట్ల జాబితా రాసుకోవడం. కొంచెం ముందుచూపు ఉన్నవాళ్లు మ్యాపు దగ్గర పెట్టుకుని దగ్గరదగ్గరగా ఉన్నవాటిని ఒక రోజులో సర్దుకుంటారు. అయినా అక్కడికి వెళ్లాక తలుపులు మూసి ఉండటమో, రెండు గంటల క్యూ ఎదురవడమో జరుగుతుంది. ఎందుకంటే ఈ ఊరికి దూరంకన్నా రోజు ముఖ్యం. వెస్ట్‌మినిస్టర్ ఆబీ, సెయింట్ పాల్స్ కథీడ్రల్ ఆదివారం ప్రార్థనలకే. చూడ్డానికి వచ్చినవాళ్లను రానివ్వరు. బరో మార్కెట్‌కి సోమవారం సెలవు. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం శుక్రవారం ఒక్కరోజే రాత్రిదాకా తెరిచి ఉంటాయి. బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు కాపలా మార్పు సాధారణంగా సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లోనే. ఆఖరికి రైలు చార్జీల వారపు పరిమితి (ఎంత తిరిగినా వారానికి అంతకుమించి పడని మొత్తం) కూడా సోమవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది.

కాబట్టి ఆదివారం దిగి, సోమవారం నుంచి ఆదివారం దాకా చూసి, ఆ రాత్రో మర్నాడో బయల్దేరేలా టిక్కెట్లు తీసుకోండి. ఈ మార్గదర్శి అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ మధ్య వెళ్లడం మంచిది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాటేదాకా వెలుతురు ఉంటుంది. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది. అదే ఏడు రోజులు, కానీ పగలు సగానికి సగం తేడా.

బయల్దేరే ముందు, వరసగా

మొదట వీసా. ఫ్రాన్స్, ఇటలీ చూడ్డానికి తీసుకున్న షెంగెన్ వీసా బ్రిటన్‌లో చెల్లదు. దీనికి వేరుగా స్టాండర్డ్ విజిటర్ వీసాకి దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి మూడు నెలల ముందునుంచి చేసుకోవచ్చు. వేలిముద్రలు ఇచ్చాక మామూలుగా మూడు వారాల్లో నిర్ణయం వస్తుంది. వేసవి సెలవుల రద్దీలో ఇంకాస్త ఎక్కువ పట్టొచ్చని అనుకోండి. హైదరాబాద్‌లోనే దరఖాస్తు కేంద్రం ఉంది. తిరస్కరణలకు తరచూ కనిపించే కారణం డబ్బు తక్కువగా ఉండటం కాదు, ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియకపోవడం. దరఖాస్తుకు వారం ముందు ఖాతాలో ఒక్కసారిగా నాలుగు లక్షలు పడితే, అవి ఎవరివో చెప్పే కాగితం జతచేయాల్సిందే. జీతం, అద్దె, పొలం కౌలు, ఏదైనా సరే ఆర్నెల్ల స్టేట్‌మెంటులో సహజంగా కనబడాలి.

వీసా వచ్చేదాకా డబ్బు వెనక్కి రాని హోటలు బుక్ చేయకండి. వచ్చాక మాత్రం వెంటనే మూడు టిక్కెట్లు ఆన్‌లైన్‌లో కొనండి: టవర్ ఆఫ్ లండన్, వెస్ట్‌మినిస్టర్ ఆబీ, హాంప్టన్ కోర్ట్. 2025లో పెద్దవాళ్లకు వరసగా సుమారు 35, 30, 28 పౌండ్లు. ఈ వారం మొత్తంలో డబ్బు పెట్టి తీరాల్సినవి ఈ మూడే. పెద్ద మ్యూజియాలన్నిటికీ ప్రవేశం ఉచితం. అందుకే వంద పౌండ్లు దాటే సిటీ పాస్‌లు ఈ ప్లానుకి దండగ. మీరు ఉచితంగా చూడబోయేవాటికి ముందే డబ్బు కట్టినట్టవుతుంది.

నాలుగో బుకింగ్ ఉచితమే, కానీ అన్నిటికన్నా కష్టంగా దొరికేది. ఫెన్‌చర్చ్ స్ట్రీట్‌లోని ఆకాశహర్మ్యం పైన స్కై గార్డెన్ ఉంది. దాని టిక్కెట్లు మూడు వారాల ముందు, సోమవారం ఉదయం విడుదల చేస్తారు. సూర్యాస్తమయం వేళవి గబగబా అయిపోతాయి. అవి చేజారితే బిషప్స్‌గేట్‌లోని హొరైజన్ 22 కూడా ఉచితమే, ఇంకా ఎత్తు.

కార్డు సంగతి

లండన్ బస్సుల్లో 2014 నుంచి నోట్లు, చిల్లర తీసుకోరు. మెట్రోలోనూ (అక్కడ దాన్ని ట్యూబ్ అంటారు) టిక్కెట్టు కొనే పనే లేదు. చేతిలో ఉన్న వీసా, మాస్టర్‌కార్డ్ లేదా అమెక్స్ కాంటాక్ట్‌లెస్ కార్డును గేటు దగ్గరి పసుపు రంగు రీడర్‌కి తాకిస్తే చాలు. పొరపాట్లు జరిగేది ఇక్కడే, కాబట్టి ఈ భాగం జాగ్రత్తగా చదవండి.

మన దేశంలో బ్యాంకులు ఇచ్చే కార్డులకు విదేశీ వాడకం మొదట ఆపి ఉంటుంది. విమానం ఎక్కకముందే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు, వాటి కింద కాంటాక్ట్‌లెస్, రెండూ విడివిడిగా ఆన్ చేయాలి. మొదటిది చేసి రెండోది మర్చిపోతే దుకాణంలో పిన్ కొట్టి గట్టెక్కొచ్చు, ట్యూబ్ గేటు మాత్రం తెరుచుకోదు.

ఒక కార్డు ఒక్క మనిషికే. భార్యాభర్తలిద్దరూ ఒకే కార్డు తాకించుకుంటూ పోవడం కుదరదు. అలాగే ఫోన్‌లో పెట్టుకున్న కార్డునీ, జేబులోని అదే కార్డునీ యంత్రం రెండు వేర్వేరు కార్డులుగా చూస్తుంది. ఎక్కేటప్పుడు ఫోను, దిగేటప్పుడు కార్డు తాకిస్తే రెండూ సగం ప్రయాణాలుగా మిగిలి, రెండింటికీ గరిష్ఠ చార్జీ పడుతుంది. వారం మొత్తం ఒక్కదాన్నే వాడండి. ట్యూబ్‌లో ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాకించాలి. బస్సులో ఎక్కేటప్పుడు మాత్రమే.

ఇలా చేస్తే రోజుకి ఇంత, వారానికి ఇంత అని దాటకుండా చార్జీ అదే ఆగిపోతుంది. 2025లో నగరం నడిబొడ్డు జోన్ 1, దాని చుట్టూ జోన్ 2 కలిపి రోజుకి 8.90 పౌండ్లు, వారానికి 44.70. బస్సు ఎక్కిన ప్రతిసారీ 1.75, మొదటిసారి తాకించిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ పడదు. పదకొండేళ్లలోపు పిల్లలకు పెద్దవాళ్లతో కలిసి వెళితే ట్యూబ్ కూడా ఉచితం. 11 నుంచి 15 ఏళ్ల పిల్లలుంటే స్టేషన్‌లో ఆయిస్టర్ కార్డు (ముందే డబ్బు వేసుకునే లండన్ ప్రయాణ కార్డు) కొని, అక్కడి సిబ్బందిని అడిగి యంగ్ విజిటర్ రాయితీ ఎక్కించుకోండి.

దుకాణంలో యంత్రం "రూపాయల్లోనా, పౌండ్లలోనా" అని అడిగితే పౌండ్లే ఎంచుకోండి. రూపాయలు నొక్కితే మారకం రేటు ఆ యంత్రం వేసుకుంటుంది, మీ బ్యాంకు రేటుకన్నా ఎప్పుడూ ఎక్కువే.

ఎక్కడ దిగాలి

హోటలు ఎంత దూరం అని కాదు, ఏ లైను మీద ఉంది అని చూడండి. హీత్రూ విమానాశ్రయం నుంచి పికడిల్లీ లైను, ఎలిజబెత్ లైను నేరుగా ఊళ్లోకి వస్తాయి. పికడిల్లీ చవక, దాదాపు గంట. ఎలిజబెత్ లైను దానికి రెట్టింపుకన్నా ఎక్కువ, కానీ అరగంట పైచిలుకులో నగరం మధ్యలో దింపుతుంది. ఏసీ ఉంటుంది, నగరం మధ్యలోని దాని స్టేషన్లన్నిటిలో లిఫ్టులుంటాయి. అమ్మానాన్నలతో, నాలుగు పెద్ద సూట్‌కేసులతో వెళ్లేవాళ్లు ఆ తేడా డబ్బు చూసుకోకూడదు. ఎర్ల్స్ కోర్ట్, హామర్‌స్మిత్, కింగ్స్ క్రాస్ పికడిల్లీ మీద. పాడింగ్టన్, వైట్‌చాపెల్ ఎలిజబెత్ మీద ఉంటాయి. వీటి చుట్టుపక్కల మధ్యతరగతి హోటళ్లు చాలా.

పాత విక్టోరియన్ ఇళ్లను హోటళ్లుగా మార్చినవి ఎక్కువ కాబట్టి, బుక్ చేసేముందు మూడు ప్రశ్నలు: లిఫ్టు ఉందా, గదిలో ఏసీ గానీ ఫ్యాను గానీ ఉందా, బాత్రూం గది లోపలేనా. జూలైలో 30 డిగ్రీలు దాటిన రోజున పై అంతస్తు గది ఉడికిపోతుంది.

హౌన్స్‌లో, స్లౌ, ఈస్ట్ హామ్ వైపు చుట్టాలింట్లో ఉండేవాళ్లకు హోటలు ఖర్చు తప్పుతుంది గానీ రోజుకి గంటన్నర, రెండు గంటలు రైల్లోనే పోతాయి. స్లౌలో ఆయిస్టర్ కార్డు పనిచేయదు, కాంటాక్ట్‌లెస్ పనిచేస్తుంది.

సామానులో మర్చిపోకూడనివి: చదును పిన్నులు మూడున్న బ్రిటిష్ అడాప్టర్ (మన గుండ్రటి పిన్నులు అక్కడ పట్టవు), వాన ఆపే పల్చటి జాకెట్టు, అలవాటుపడ్డ బూట్లు, టాయిలెట్‌లోకి చిన్న మగ్గు. రోజుకి పది పన్నెండు కిలోమీటర్ల నడక మామూలు. కొత్త బూట్లతో వెళ్తే రెండో రోజుకే పాదాలు బొబ్బలెక్కుతాయి. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి తీసుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, పాలతో చేసిన మిఠాయిలు, మాంసం పచ్చళ్లు మాత్రం పెట్టెలో పెట్టకండి. యూరప్ బయటి దేశాలనుంచి పాల పదార్థాలు, మాంసం తేవడం అక్కడ నిషేధం, దొరికితే తీసి పారేస్తారు. చుట్టాలకు పచ్చి కరివేపాకు కూడా వద్దు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, సీసా వెంట ఉంటే చాలు.

సోమవారం: వెస్ట్‌మినిస్టర్

మన గడియారం లండన్‌కన్నా వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో ఐదున్నర గంటలు ముందు. అందుకే మొదటి రెండు రోజులు తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చేస్తుంది. దానితో పోట్లాడకండి, వాడుకోండి. ఉదయం ఏడింటికి వెస్ట్‌మినిస్టర్ బ్రిడ్జి మీద మీరూ, పరుగు తీసేవాళ్లూ తప్ప ఎవరూ ఉండరు. పార్లమెంటు, 96 మీటర్ల ఎలిజబెత్ టవర్, 13.7 టన్నుల బిగ్ బెన్ గంట మోత, అన్నీ తీరిగ్గా దొరుకుతాయి. ఇదే వంతెన మీద పదకొండు తర్వాత అడుగు తీసి అడుగు వేయలేరు. అప్పుడే మూడు గిన్నెలు తిప్పి బంతి ఎక్కడుందో చెప్పమనే జూదగాళ్లు వస్తారు. చుట్టూ గెలుస్తున్నట్టు కనిపించేవాళ్లంతా వాళ్ల మనుషులే. ఆగి చూడటం కూడా వద్దు. మీరు చూస్తుంటే వెనకనుంచి జేబు కొట్టేవాళ్లుంటారు.

అక్కడినుంచి సెయింట్ జేమ్స్ పార్క్ మీదుగా నడవండి. కాపలా మార్పు పదకొండింటికి. ప్యాలెస్ గేట్ల ముందు నిలబడాలంటే పదింటికే చేరాలి. అంత అక్కర్లేదనుకుంటే మాల్ రోడ్డు పక్కన ఉండండి. పాత దళం సెయింట్ జేమ్స్ ప్యాలెస్ నుంచి 10:43 ప్రాంతంలో బ్యాండుతో బయల్దేరుతుంది, దగ్గరగా కనిపించేది అప్పుడే. గట్టి వాన పడితే రద్దు చేస్తారు, కాబట్టి ముందురోజు రాత్రి సైన్యం ప్రకటించే పట్టిక చూసుకోండి.

ఆబీకి మధ్యాహ్నం ఒంటిగంట లోపు వేళ తీసుకోండి. 1066 నుంచి ఇంగ్లండ్ పట్టాభిషేకాలు ఇక్కడే. ఆడియో గైడ్ టిక్కెట్టులోనే ఉంటుంది, దానితో రెండు గంటలు. టిక్కెట్టు డబ్బు ఎక్కువ అనిపిస్తే సాయంత్రం ఐదింటి ఈవెన్‌సాంగ్ ప్రార్థనకు ఉచితంగా వెళ్లి కూర్చోవచ్చు. తిరిగి చూడ్డం, ఫొటోలు తీయడం కుదరదు గానీ, ఆ గాయకబృందం గొంతు ఆ రాతి కప్పు కింద వింటే ఆబీ దేనికి కట్టారో బాగా అర్థమవుతుంది.

ఓపిక ఉంటే ట్రఫాల్గర్ స్క్వేర్ దాకా నడిచి నేషనల్ గ్యాలరీలో ఒక గంట. లేకపోతే గదికి వెళ్లి పడుకోండి. మొదటి రోజే కాళ్లు పీకేదాకా తిరిగినవాళ్లు మంగళవారం ఉదయాన్ని పోగొట్టుకుంటారు, ఆ ఉదయం ఈ వారంలో చాలా విలువైంది.

మంగళవారం: కోట, వంతెన, గుమ్మటం

టవర్ ఆఫ్ లండన్ మంగళవారం తొమ్మిదింటికి తెరుస్తారు. 8:45కి గేటు దగ్గరుండండి. లోపలికి వెళ్లగానే అందరూ వైట్ టవర్ ముందు ఫొటోలకు ఆగుతారు. మీరు ఆగకుండా నేరుగా రాజకిరీటాలుండే జ్యువెల్ హౌస్‌కి పొండి. తొమ్మిదీ పదికి అక్కడ క్యూ ఉండదు. పదకొండుకి గంట పట్టొచ్చు.

కిరీటాల ముందు కదిలే పట్టీ మీద నిలబడాలి, అది మిమ్మల్ని లాక్కుపోతుంది. జనం లేనప్పుడు తిరిగొచ్చి మళ్లీ ఎక్కొచ్చు, పొద్దున్నే రమ్మనేది ఇందుకూ. ఫొటోలు తీయనివ్వరు. మనవాళ్లు వెతికేది 1937లో చేసిన క్వీన్ మదర్ కిరీటం. దాని ముందుభాగంలో ఉన్నదే కోహినూర్. కృష్ణ ఒడ్డున, పల్నాటి కొల్లూరు గనుల్లో దొరికిందని ప్రతీతి; ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్లకింద ఉంది. 1849లో పంజాబును కలుపుకున్నప్పుడు బాలరాజు దులీప్ సింగ్ చేత లాహోరు ఒప్పందంలో రాయించి తీసుకున్నారు. 186 క్యారట్లున్న రాయి మెరుపు చాలలేదని 1852లో మళ్లీ కోయిస్తే 105.6కి తగ్గింది. చూడ్డానికి అనుకున్నంత పెద్దది కాదు. కానీ ఆ కథ తెలిసి చూసే తెలుగువాళ్లకు అది ఒట్టి రాయిగా కనబడదు.

తర్వాత గేటు దగ్గరికి తిరిగొచ్చి కోట కాపలాదారులైన యోమన్ వార్డర్లు తిప్పి చూపించే నడక అందుకోండి. టిక్కెట్టులోనే కలిసి ఉంటుంది, ముప్పావుగంట పైన పడుతుంది. వీళ్లంతా సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు, కుటుంబాలతో కోటలోనే కాపురం. వైట్ టవర్ ఆఖరున. 1070ల చివర్లో విలియం ది కాంకరర్ మొదలుపెట్టిన కట్టడం అది.

టవర్ బ్రిడ్జి (1894) మీద నడిచి దక్షిణపు ఒడ్డుకి దాటండి. ఏడాదికి సుమారు 800 సార్లు ఓడలకోసం పైకి లేస్తుంది. ఆ వేళలు వంతెన వెబ్‌సైట్లో ముందే పెడతారు, మీ మంగళవారానికి ఒకటి కలిసొస్తే దాని చుట్టూ మిగతావి సర్దుకోండి. నది వెంట ఇరవై నిమిషాలు నడిస్తే బరో మార్కెట్, భోజనం అక్కడే. శాకాహారులకు ఇబ్బంది లేదు. కానీ ఒకే పెనం మీద రెండూ చేస్తున్నారేమో అడగండి.

అక్కడినుంచి రెండు దారులు. పాత కరెంటు కేంద్రంలో 2000లో తెరిచిన టేట్ మోడర్న్ చూసి, మిలీనియం బ్రిడ్జి దాటి, ఐదింటికి సెయింట్ పాల్స్‌లో ఉచిత ప్రార్థనకు వెళ్లడం ఒకటి. టేట్ వదిలేసి రెండున్నరకల్లా టిక్కెట్టుతో సెయింట్ పాల్స్‌లోకి వెళ్లి గుమ్మటం ఎక్కడం రెండోది. 257 మెట్ల దగ్గర గుసగుసల గ్యాలరీ, 376 దగ్గర రాతి గ్యాలరీ, 528కి చిట్టచివరి బంగారు గ్యాలరీ. పై మెట్లు ఇరుకైన ఇనుప మెట్లు, మధ్యలో వెనక్కి తిరగలేరు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మొదలుపెట్టకూడదు. సాయంత్రానికి స్కై గార్డెన్. ఈ రోజు చూసిందంతా కిందనే కనిపిస్తుంది.

బుధవారం: సౌత్ కెన్సింగ్టన్

స్టేషన్ నుంచి భూగర్భ దారి మూడు మ్యూజియాల దాకా తీసుకెళ్తుంది. మూడూ ఒకే రోజు చూద్దామనుకోవడమే ఇక్కడ జరిగే తప్పు. పిల్లలుంటే నాచురల్ హిస్టరీ, సైన్స్. లేకపోతే నాచురల్ హిస్టరీ, విక్టోరియా అండ్ ఆల్బర్ట్. పదింటికి తెరవగానే నాచురల్ హిస్టరీలోకి వెళ్లండి, ప్రధాన హాల్లో వేలాడే 25 మీటర్ల నీలి తిమింగలం అస్థిపంజరం కింద నిలబడేందుకు చోటు దొరుకుతుంది. డైనోసార్ల గది ముందు అదే వేళకు బడిపిల్లల బారులు మొదలవుతాయి, మూడు తర్వాతే తగ్గుతాయి.

విక్టోరియా అండ్ ఆల్బర్ట్‌లో దక్షిణాసియా వస్తువుల సేకరణ పెద్దది. శ్రీరంగపట్నం పడిపోయిన 1799లో తెచ్చిన టిప్పు పులి బొమ్మ ఈ మ్యూజియానిదే. గ్యాలరీలకు మరమ్మతులు జరుగుతుంటాయి, మీరు కోరి వెళ్లే వస్తువు ఆ వారం ప్రదర్శనలో ఉందో లేదో వెబ్‌సైట్లో చూసుకుని వెళ్లండి. సాయంత్రం హైడ్ పార్క్. తిరుగుదారికి 9వ నంబరు బస్సు పైఅంతస్తులో ముందు సీటు ఎక్కండి: ఆల్బర్ట్ హాల్ దగ్గరనుంచి హైడ్ పార్క్ కార్నర్ మీదుగా ట్రఫాల్గర్ స్క్వేర్ దాకా, 1.75 పౌండ్లకు టూరిస్టు బస్సు చూపించేదంతా చూపిస్తుంది.

గురువారం: గ్రీనిచ్

వెళ్లేటప్పుడు పడవ, వచ్చేటప్పుడు రైలు. టవర్ దగ్గరి రేవు నుంచి థేమ్స్ క్లిప్పర్ పడవలో అరగంట. కార్డు తాకించి ఎక్కొచ్చు, అయితే ఆ చార్జీ రోజువారీ పరిమితిలోకి రాదని గుర్తుంచుకోండి.

1675లో స్థాపించిన రాయల్ అబ్జర్వేటరీ కొండమీద ఉంది. ప్రాంగణంలోని సున్నా రేఖాంశం గీత మీద నిలబడాలంటే టిక్కెట్టు. గీత మీద ఫొటో చాలనుకునేవాళ్లకు, ప్రాంగణం గోడ బయట కాలిబాటలోనూ అదే గీత గుర్తు ఉంది, డబ్బు అక్కర్లేదు. ఫోన్ తీసి చూస్తే సున్నా చూపించదు; జీపీఎస్ వాడే రేఖ ఇక్కడికి తూర్పున 102 మీటర్ల దూరంలో పోతుంది. ఒంటిగంటకి ఐదు నిమిషాల ముందు అబ్జర్వేటరీ బురుజు మీది ఎర్ర బంతిని గమనించండి. సగం దాకా లేచి, పైకి వెళ్లి, సరిగ్గా ఒంటిగంటకి కిందపడుతుంది. నదిలోని ఓడలు గడియారాలు సరిచూసుకోవడానికి 1833లో పెట్టిన ఏర్పాటు అది. మన ఐదున్నర గంటల తేడా లెక్క మొదలయ్యేది ఈ గీత దగ్గరే: ఇక్కడినుంచి తూర్పుగా 82.5 డిగ్రీల రేఖ, కాకినాడ జిల్లాలో తుని దగ్గరగా పోయేది, భారత ప్రామాణిక కాలానికి ఆధారం. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున గుణించి చూడండి, పిల్లలకు భూగోళం పాఠం అక్కడే అయిపోతుంది.

కొండ దిగితే మారిటైమ్ మ్యూజియం ఉచితం. 1869 నాటి కటీ సార్క్ టీ ఓడను బయటినుంచి చూసినా బాగుంటుంది. ఓడ పక్కనే గుండ్రటి గుమ్మటం కింద మెట్లున్నాయి. 1902లో తవ్విన ఆ కాలిసొరంగం 370 మీటర్లు, థేమ్స్ అడుగునుంచి అవతలి ఒడ్డుకి తేలుస్తుంది. లిఫ్టు తరచూ పాడవుతుంది, దాదాపు వంద మెట్లు ఎక్కగలిగితేనే దిగండి. అవతల ఐలాండ్ గార్డెన్స్ స్టేషన్‌లో డ్రైవర్ క్యాబిన్ లేని డీఎల్ఆర్ రైలు ఎక్కి, అన్నిటికన్నా ముందు సీట్లో కూర్చోండి.

శుక్రవారం: అమరావతి ఉన్న గది

ఈపాటికి నిద్ర సర్దుకుంటుంది, రాత్రిదాకా మెలకువగా ఉండగలరు. అందుకే బ్రిటిష్ మ్యూజియం ఇవాళ. శుక్రవారం 8:30 దాకా తెరిచి ఉంటుంది.

ఉదయం సెయింట్ పాంక్రస్ పక్కన బ్రిటిష్ లైబ్రరీ ట్రెజర్స్ గ్యాలరీ, ఉచితం, 1215 నాటి మాగ్నా కార్టా ప్రతులు ఉన్న చోటు. అక్కడినుంచి పది నిమిషాల్లో యూస్టన్ స్టేషన్ వెనక డ్రమ్మండ్ స్ట్రీట్. శాకాహారులకు ఊరి నడిమధ్యలో దోసె, పూరీ, చాట్ దొరికే వీధి. తర్వాత గోవర్ స్ట్రీట్ వెంట దక్షిణానికి నడిస్తే యూనివర్సిటీ కాలేజ్ లండన్. తెలుగు నిఘంటువు కూర్చిన సీపీ బ్రౌన్ ఉద్యోగ విరమణ తర్వాత ఇక్కడే తెలుగు ఆచార్యుడిగా ఉన్నారు. ఆయన 1884లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు. సమాధి పశ్చిమాన కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఉంది. అదే పేరుతో బేకర్లూ లైను మీద స్టేషన్ ఉంది, పట్టుదల ఉన్నవాళ్లు మరో పూట కేటాయించొచ్చు.

మ్యూజియానికి రెండు గంటల ప్రాంతంలో చేరండి. జనమంతా గ్రేట్ రస్సెల్ స్ట్రీట్ వైపు ప్రధాన ద్వారం దగ్గర బారులు తీరతారు. వెనక మాంటేగ్యూ ప్లేస్ వైపు ద్వారంలో క్యూ సాధారణంగా చిన్నది, దక్షిణాసియా గ్యాలరీ ఆ వైపే. పొడవాటి 33వ నంబరు గది చివర, అద్దాల గోడ వెనక 33ఎ. అమరావతి మహాచైత్యం, అంటే అక్కడి పెద్ద బౌద్ధ స్తూపం, దాని రాళ్లు అక్కడ ఉన్నాయి. కొన్ని గదులు సాయంత్రం ముందే మూసేస్తారు కాబట్టి మొదట దీనికే వెళ్లండి. గది మూసి ఉన్నా అద్దంలోంచి చాలావరకు కనిపిస్తుంది.

ఈ రాళ్లు ఇక్కడికి ఎలా వచ్చాయో తెలిసి చూస్తే మంచిది. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్తగా అమరావతి పట్నం కట్టిస్తున్నప్పుడు, దీపాలదిన్నె అని పిలిచే ఈ స్తూపం దిబ్బను తవ్వి రాళ్లు వాడారు. ఆ కబురు విని 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకెంజీ వచ్చి చూశాడు, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసులో ఎండకూ వానకూ ఉండి, 1859లో ఓడెక్కాయి. చాలాకాలం వీటిని ఇలియట్ మార్బుల్స్ అన్నారు గానీ ఇవి పాలరాళ్లు కావు, పల్నాటి సున్నపురాయి.

ఏం చూడాలంటే: మొదట, స్తూపం బొమ్మే చెక్కిన పలకను వెతకండి. అమరావతిలో ఇప్పుడు మిగిలింది మట్టిదిబ్బే. ఆ చైత్యం గుమ్మటంతో, నాలుగు దిక్కులా నిలిపిన ఆయక స్తంభాలతో, ప్రాకారంతో నిండుగా ఎలా ఉండేదో ఈ పలకే చెప్తుంది. దాని వెనకవైపుకి కూడా వెళ్లండి. రెండో ముఖం మీద అంతకు మూడు నాలుగు వందల ఏళ్ల ముందు చెక్కిన పని ఉంది: పాత పలకను తిప్పి మళ్లీ చెక్కారు. పాత ముఖంలో బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు, ఖాళీ ఆసనమే ఆయన గుర్తు. తర్వాత ప్రాకార స్తంభాల మీది పద్మాలు. రేకుల వరసలు లెక్కపెట్టినా తీరదు. పూర్ణఘటాలు కూడా చూడండి, ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉన్నదానికి మూలం ఈ శిల్పమే. గంటసేపు ఇక్కడే గడపండి. మిగతా శిల్పాల్లో ఎక్కువభాగం చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి, రెండూ చూస్తేగానీ చైత్యం మొత్తంగా ఊహకందదు.

ఆరు తర్వాత కింద 4వ గదికి దిగండి. పగలంతా తలలు మాత్రమే కనిపించే రోసెట్టా రాయి దగ్గర అప్పటికి చోటుంటుంది. పార్థినాన్ శిల్పాలు 18వ గదిలో.

శనివారం: ఊరి బయట

వాటర్లూ నుంచి హాంప్టన్ కోర్ట్‌కి నేరుగా రైలు, 35 నిమిషాలు. జోన్ 6 కాబట్టి కార్డే చాలు, వారపు పరిమితి పైన కొంచెం అదనంగా పడుతుంది. ఎనిమిదో హెన్రీ వంటశాలలు, 1768లో నాటిన ద్రాక్షతీగ, పొదల చిక్కుదారి, పూట నిండుతుంది. చెట్లంటే ఇష్టపడేవాళ్లు దీనిబదులు డిస్ట్రిక్ట్ లైనులో క్యూ గార్డెన్స్‌కి వెళ్లొచ్చు. శని, ఆదివారాల్లో పట్టాల పనికోసం లైన్లు మూసేయడం లండన్‌లో పరిపాటి. శుక్రవారం రాత్రే లండన్ రవాణా సంస్థ టీఎఫ్ఎల్ యాప్‌లో మర్నాటి దారి సరిచూడండి.

ఆదివారం: మార్కెట్లు, మన భోజనం

కొలంబియా రోడ్ పూల సంత ఆదివారం మాత్రమే, ఎనిమిదికి మొదలు. తొమ్మిది లోపు వెళ్లాలి. అక్కడినుంచి బ్రిక్ లేన్ నడక దూరం. మధ్యాహ్నానికి డిస్ట్రిక్ట్ లైనులో ఈస్ట్ హామ్: హై స్ట్రీట్ నార్త్ వెంట ఇడ్లీ, దోసె, అన్నం భోజనాలు, మహాలక్ష్మి గుడి, దగ్గర్లోనే మురుగన్ కోవెల. వారం రోజులు శాండ్‌విచ్‌లు తిన్న నోటికి ఆ సాంబారు ఎంత హాయో చెప్పక్కర్లేదు. గుడి చూడటమే ముఖ్యమైతే వాయవ్యాన నీస్డెన్‌లో 1995లో తెరిచిన స్వామినారాయణ్ మందిరం. రాయి బల్గేరియా, ఇటలీలది, చెక్కింది మన దేశంలో. రెండూ ఊరికి చెరో కొసన ఉన్నాయి, ఒకటే ఎంచుకోండి.

వారమంతా గుర్తుండాల్సినవి

ఫోన్ లాక్కుపోవడం ఈ ఊళ్లో పెద్ద బెడద. కాలిబాట అంచున నిలబడి మ్యాపు చూస్తుంటే ఎలక్ట్రిక్ సైకిల్ మీద వచ్చి ఒక్క క్షణంలో గుంజుకుపోతారు. దారి చూసుకోవాలంటే గోడవైపు జరగండి, లేదా దుకాణంలోకి అడుగుపెట్టండి. పోలీసు, అంబులెన్సు, ఫైర్ అన్నిటికీ 999.

రెస్టారెంటు బిల్లులో 12.5 శాతం సర్వీస్ చార్జి వేసి ఉంటే మళ్లీ టిప్పు ఇవ్వకండి. సూపర్‌మార్కెట్లలో మీల్ డీల్ అని శాండ్‌విచ్, చిరుతిండి, పానీయం కలిపి ఐదు పౌండ్ల లోపు దొరుకుతుంది, మధ్యాహ్నాలకు అదే మేలు. ఎస్కలేటర్ మీద కుడిపక్కన నిలబడాలి, ఎడమపక్క నడిచేవాళ్లది. లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కి ట్యూబ్ ఎక్కకండి, మధ్య దూరం 260 మీటర్లే.

తిరుగు ప్రయాణంలో పికడిల్లీ లైను ఎక్కేవాళ్లు రైలు ముందున్న బోర్డు చదివి ఎక్కండి. కొన్ని టెర్మినల్ 4కి, కొన్ని టెర్మినల్ 5కి పోతాయి. తప్పు రైలెక్కితే పావుగంట, అరగంట పోయినట్టే. కొన్న వస్తువుల మీద వ్యాట్ వెనక్కి వస్తుందని విమానాశ్రయంలో కౌంటర్ వెతకనక్కర్లేదు, పర్యాటకులకు ఆ సదుపాయం 2021 జనవరి నుంచి తీసేశారు.